చిన్నోని సగం

అన్నదమ్ములు ఒక కంప్యూటర్‌ను పంచుకున్నారంటే ఎవరైనా నవ్వుతారు. పొలాలు పంచుకుంటారు, ఇళ్ళు పంచుకుంటారు, ఇంకేమీ మిగలకపోతే తల్లిని నెలకొకరు చొప్పున పంచుకుంటారు. జగదీశ్, ప్రశాంత్‌ల వరస వేరు. ఒకే పొయ్యి మీద వండింది తింటూ, ఒకే స్కూటర్ మీద తిరుగుతూ, దేనికీ గీత గీసుకోని అన్నదమ్ములు కంప్యూటర్‌ను మాత్రం పంచుకున్నారు. అది కూడా తగాదా వచ్చి కాదు, అవసరం వచ్చి.

బళ్ళారి గాంధీనగర్‌లో వాళ్ళ ఇల్లు, కౌల్ బజారులో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డు. అన్న జగదీశ్ లెక్కలు, పన్నులు, బేరగాళ్ళతో గొడవలు చూసుకునేవాడు. తమ్ముడు ప్రశాంత్ ప్యాంటుకు ప్యాటర్న్‌లు, అంటే గుడ్డ కత్తిరించే నమూనాలు, గీసేవాడు. బొంబాయి నుంచి వచ్చే కొలతలు మన ఊరి పొట్టలకు సరిపోవని అతని వాదన. అందుకే ఎవరు కనబడినా నడుముకు టేపు చుట్టేవాడు. పెళ్ళికి పోయినా జేబులో టేపే. ఆ కొలతలన్నీ ఒకచోట చేర్చి, బళ్ళారి మనిషికి బళ్ళారి ప్యాంటు కుట్టాలని అతని పంతం. అన్న లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. ప్రశాంత్‌కు చేయి తిరిగింది లినక్స్‌లో. రెండు కంప్యూటర్లు కొనడం దండగని, కంప్యూటర్ల అంగడి ఉమేశ్ ఒకే డిస్కులో రెండూ పెడతానన్నాడు. ఆన్ చేయగానే తెర మీద రెండు పేర్లు వస్తాయి, ఎవరికి కావలసిన దాంట్లోకి వాళ్ళు పోవచ్చు. ఒకరి సగంతో ఒకరికి పని లేదు.

"ఎవరికి ఎంత జాగా పెట్టాలి అణ్ణా?" అని ఉమేశ్ తన కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు.

"సమానం పెట్టప్పా" అన్నాడు జగదీశ్.

గడప దగ్గర కూర్చుని వక్క కత్తిరిస్తున్న తల్లి తిమ్మమ్మ ఊరుకోలేదు. "సమానమేంది? మన ఇంట్లో పెద్దోనికి ఒక చాలు ఎక్కువ పెట్టేది ముందునుంచీ ఉండాది. మీ తాత పొలం పంచినప్పుడు గూడా మీ పెద్దనాయనకు ఒక నాగటి చాలు ఎక్కువే ఇచ్చె. నువ్వేం కొత్త పద్ధతి తెస్తాండావు?"

ప్రశాంత్ పగలబడి నవ్వాడు. "అన్నకు రెండు చాళ్ళు పెట్టు ఉమేశ్. దున్నుకోనీ."

అట్లా ఆ డిస్కులో జగదీశ్‌ది పెద్ద భాగమయింది, ప్రశాంత్‌ది చిన్నదయింది. ఆ ఇంట్లో అందరూ కొన్నాళ్ళు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆ తమ్ముడు మొన్నటి వానల్లో పోయాడు. డెంగీ జ్వరం. ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి పోయినవాడు మళ్ళీ నడిచి రాలేదు. నలభై కూడా నిండని మనిషి. దేవుడికి కళ్ళు లేవని జనం ఊరికే అనరు.

దినాలు అయిపోయాక షెడ్డు తలుపులు తెరిచారు. కుట్టేవాళ్ళు వచ్చారు, గుడ్డ వచ్చింది, ప్యాటర్న్‌లే లేవు. ప్రశాంత్ సగం తెరవబోతే తెర మీద అతని పేరు, దాని కింద పాస్‌వర్డ్ కోసం ఖాళీ గడి. ఆ మాట ఎవరికీ చెప్పకుండా పోయాడు. ఇంట్లో తలా ఒకటి చెప్పారు. ఇష్టదైవం పేరు, బండి నంబరు, పుట్టినరోజు. ఏదీ కాలేదు. వెనక దారిలో తాళం లేకుండా తెరవచ్చేమో చూస్తాను, కంప్యూటర్ డబ్బా అంగడికి పంపించమని ఉమేశ్ అన్నాడు. జగదీశ్ సరేనన్నాడు. కానీ ప్రశాంత్ భార్య అనుపమ ఒప్పుకోలేదు.

"వద్దు బావా. ఆయన తాళమేసి పోయినాడు. దాన్ని పగలగొట్టేది నాకిష్టం లేదు. నేనే కనుక్కుంటా."

భర్త పోయినప్పటి నుంచి ఆమె ఏదైనా కావాలని అడిగిన మొదటి మాట అదే. జగదీశ్ ఉమేశ్‌కు వద్దని చెప్పేశాడు.

అప్పటి నుంచి ఆమెకు అదొక నియమమైంది. షెడ్డు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, టీ తాగి కంప్యూటర్ ముందు కూర్చునేది. చాలాసేపు ఆలోచించి ఒక మాట కొట్టేది. ఒక్కటే. కాదంటే కాసేపు ఆ తెరనే చూసి, ఆపేసి, లేచి వంటింట్లోకి పోయేది. జగదీశ్ భార్య హారతికి అది అర్థం కాలేదు. "పదిమాట్లు కొట్టి చూస్తే ఏం పోతాది? దినానికి ఒకటైతే ఎప్పటికి తెరిచేది?" అని మొగుడి దగ్గర గొణిగేది. జగదీశ్‌కూ అట్లాగే అనిపించేది. ప్యాటర్న్‌లు దొరికితే షెడ్డు నిలబడుతుంది, షెడ్డు నిలబడితే అనుపమ ఎవరి చేతి కిందా బతకనక్కరలేదు. ఆమె ఆరాటం అదే అనుకున్నాడు. మొండిదే గానీ బుద్ధిమంతురాలు అనుకున్నాడు.

అట్లా నెలలు గడిచాక జగదీశ్ సగం చెడింది. ఏదో వైరస్ పట్టింది. విండోస్ నొక్కితే నీలం తెర వచ్చి నిలిచిపోతుంది. పన్ను కాగితాలు పెట్టే గడువు నెత్తి మీదికి వచ్చింది. ఉమేశ్ చూసి, ఆ భాగం మొత్తం చెరిపేసి విండోస్ కొత్తగా వేయాల్సిందే అన్నాడు. లెక్కల నకళ్ళు ఆడిటర్ దగ్గర ఉన్నాయి. మిగిలినవి, అంటే జగదీశ్ ఫోటోలు, పాత ఉత్తరాలు, ఏళ్ళ తరబడి దాచుకున్న నానా చెత్త పోతాయి.

"పోతే పోనీ" అన్నాడు జగదీశ్. "తమ్మునిది మాత్రం చెక్కు చెదరకూడదు."

"టెన్షన్ బేడ అణ్ణా. రెండూ బేరే బేరే. మీది చెరిపితే దానికేమీ కాదు." ఉమేశ్ మరునాడు పెళ్ళికి హొసపేటకు పోవాలి. పెన్‌డ్రైవ్ ఒకటి చేతిలో పెట్టి, ఏది తరువాత ఏది నొక్కాలో చెప్పాడు. "ఒకటే జాగ్రత్త. అక్కడ పేర్లు కనపడవు. సైజు మాత్రమే కనపడుతుంది. మీ భాగం మీకు గొత్తల్లా, తెలుసు కదా, దాన్నే డిలీట్ కొట్టండి."

ఆ వారమే అనుపమ పుట్టిల్లు దేశనూరుకు పోయింది. అక్కడ ఆమె తమ్ముని బిడ్డకు పేరు పెడుతున్నారు. బస్సుకు బయలుదేరుతూ చెప్పులేసుకుని, మళ్ళీ విప్పి లోపలికి వచ్చింది.

"బావా, మీ సగం ఏమన్నా చేసుకోండి. ఆ సగం మాత్రం ముట్టుకోవాకండి."

"దాన్నెందుకు ముట్టుకుంటానమ్మా? నువ్వు నిమ్మళంగా పోయి రా."

ఆమె వచ్చేలోపల పని ముగించాలనుకున్నాడు. ఆ డిస్కు చెరుపుతుండగా చూస్తే ఆమె మనసు కలత పడుతుందని అతని భయం. మంచికి పోతే చెడు ఎదురైందన్న మాట ఇట్లాంటి మనుషుల్ని చూసే పుట్టి ఉంటుంది.

ఆదివారం పొద్దున, షెడ్డుకు సెలవు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాడు. ఉమేశ్ చెప్పినట్టే ఒక్కొక్కటే నొక్కుతూ పోతే డిస్కు ముక్కలన్నీ వరుసగా తెర మీదికి వచ్చాయి. పొట్టి పొట్టివి రెండు, వాటి కింద ఒక పెద్దది, ఒక చిన్నది. పేరూ లేదు, ఊరూ లేదు.

తిమ్మమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ అడిగింది. "ఏం చేస్తాండావప్పా?"

"నా భాగం చెరిపేస్తాండా అమ్మా."

"చిన్నోనిది?"

"దాని జోలికి పోను. పెద్దది నాది కదా, నువ్వే పెట్టిస్తివి."

"చూసి చెయ్యి నాయనా."

చూసే చేశాడు. పెద్దదాని మీద బాణం పెట్టి డిలీట్ నొక్కాడు. ఇందులో ఉన్నవన్నీ పోతాయి, నిజంగానే చెరపమంటావా అని అది అడిగింది. అడిగినందుకు జగదీశ్‌కు నవ్వు వచ్చింది. తన ఏళ్ళ సరుకంతా తమ్ముడి కోసం వదులుకుంటున్నానని లోలోపల కొంచెం గర్వం కూడా కలిగింది. సరే కొట్టాడు. పొలం గట్టు చెరపాలన్నా ఒక పూట పని ఉంటుంది. దీనికి తుమ్మినంత సేపు కూడా పట్టలేదు.

ఖాళీ అయిన చోట విండోస్ కొత్తగా ఎక్కింది. మళ్ళీ మొదలైనప్పుడు ఎప్పుడూ వచ్చే రెండు పేర్ల తెర రాలేదు. కొత్తది కదా, పద్ధతి మారి ఉంటుందిలే అనుకున్నాడు. లోపలికి పోయి చూస్తే పక్కన ఇంకొక డ్రైవ్ కనిపించింది. తమ్ముడిదేమో, తెరుచుకుంటుందేమో అని ఆశగా నొక్కాడు. అది తెరుచుకుంది.

అందులో ఉన్నవన్నీ జగదీశ్‌వే. పన్ను రశీదులు, లారీల బిల్లులు, ఎప్పటివో పెళ్ళి ఫోటోలు, హారతి పంపిన వంటల వీడియోలు. పోవాలనుకున్న చెత్తంతా పూచికపుల్ల కూడా చెదరకుండా అక్కడే ఉంది. అంటే తన చేత్తో చెరిపేసింది తమ్ముడి సగాన్ని. ఆ డబ్బాను అట్లాగే ఆపేసి, రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చున్నాడు.

"ఏమైందప్పా?" అంది తిమ్మమ్మ.

ఉమేశ్ పెళ్ళి నుంచి వచ్చీ రాకముందే జగదీశ్ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో అంగడికి పోయాడు. ఉమేశ్ దానికి ఏవేవో తగిలించి పగలంతా చూశాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు. చెరిపిన చోటే కొత్తది రాయడం, మీదుమిక్కిలి ప్రశాంత్ ఆ సగమంతటికీ తాళం పెట్టుకుని ఉండడం. ఇంక దేవుడు దిగి వచ్చినా రాదు అన్నాడు.

"అది పెద్దది కదప్పా! పెద్దది నాది కదా!" జగదీశ్ గొంతు లేచింది.

ఉమేశ్ ఆశ్చర్యంగా చూశాడు. "ముందు అట్లే ఉండె అణ్ణా. యుగాదికి ముందు ప్రశాంత్ వచ్చి, నా భాగం నిండిపోయింది, గీత జరుపు అనె. మీ అన్నకు చెప్పినావా అంటే, అడిగినా, అన్న తీసుకోమనె, అని చెప్పె. గీత జరిపితే ప్రశాంత్‌దే పెద్దదాయె. మీకు గొత్తు అనుకున్నా."

అప్పుడు గుర్తుకు వచ్చింది. షెడ్డు వాకిట్లో బండికి మూటలు ఎక్కిస్తున్నారు, బేరగాడు మీద పడి అరుస్తున్నాడు. ప్రశాంత్ వచ్చి, "అన్నా, కంప్యూటర్లో కొంచెం జాగా కావాల. నీది శానా ఖాళీగా ఉండాది" అన్నాడు. జగదీశ్ తల కూడా తిప్పకుండా, "తీసుకోప్పా, దానికి నన్ను అడగాల్నా?" అన్నాడు. అన్న మాట అన్నాడు, మరిచాడు. తమ్ముడు అడిగి మరీ తీసుకున్నాడు. ఇచ్చినవాడికే ఇచ్చింది గుర్తు లేదు. చెవిన పెట్టకుండా ఇచ్చిన ఇవ్వడం కూడా ఒక ఇవ్వడమేనా అని జగదీశ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఉమేశ్ మెల్లగా ఒక దారి చెప్పాడు. "అణ్ణా, ఒక పని చేస్తా. లినక్స్ మళ్ళీ వేసి, ప్రశాంత్ పేరే పెట్టి, ఏదో ఒక పాస్‌వర్డ్ పెట్టేస్తా. ముందు ఉండే తెరే వస్తుంది. అనుపమ వదినకు తెలియదు. ఎట్లా తెరుచుకోదు కదా, లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు?"

జగదీశ్ మనసు అటు వంగింది. ఆమె ముందు నిలబడి నోరు విప్పే పని తప్పుతుంది. కానీ షెడ్డు నుంచి అలిసి వచ్చి, టీ తాగి, ఆ తెర ముందు కూర్చునే మనిషి కళ్ళ ముందు మెదిలింది. ఆమెను బతికినన్నాళ్ళూ ఖాళీ గదికి కాపలా పెట్టినట్టవుతుంది.

"వద్దప్పా. చెడగొట్టింది చాలు. మోసం గూడా ఎందుకు?"

ఉమేశ్ డిస్కు మొత్తం శుభ్రం చేసి, జగదీశ్ సామాను వేరేగా తీసిపెట్టి, ఒకటే విండోస్ వేసి ఇచ్చాడు. ఇంటికి పోయి మొదటిసారి ఆన్ చేసినప్పుడు పేరు, కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇష్టమైనది పెట్టుకోండి అన్నాడు.

ఇంట్లో తెలిసి హారతి ఏడ్చింది. వైరస్ వచ్చి రెండూ పోయాయని చెబుదామంది. తిమ్మమ్మ మాత్రం, "నేను పెట్టించిన చాలే గదా వాని సగాన్ని మింగింది" అని ఒకటే మాట పట్టుకుంది. ఎవరు ఎంత చెప్పినా ఆ ముసలామె ఆ రోజు అన్నం ముట్టలేదు.

జగదీశ్ ఊరికే ఉండలేక షెడ్డుకు పోయి, కటింగ్ మాస్టరు హనుమేశ్‌ను పట్టుకున్నాడు. ప్రశాంత్ చేతి ప్యాంట్లు నాలుగు వెతికి, కుట్లు విప్పి, అట్ట మీద పరిచి గీస్తే ప్యాటర్న్‌లు మళ్ళీ వస్తాయన్నాడు హనుమేశ్. అచ్చం అవే కాకపోయినా పని నడుస్తుందన్నాడు. జగదీశ్‌కు కొంచెం ఊపిరి వచ్చింది. అనుపమకు చెప్పడానికి చేతిలో ఒక మంచి మాట దొరికింది.

మరునాడు సాయంత్రం ఆమె వచ్చింది. సిరుగుప్ప బస్సు దుమ్ము మొహం నిండా ఉంది. చేతిలో పేరు పెట్టిన ఇంటి మిఠాయి. లోపలికి వస్తూనే సంచి అత్త పక్కన పెట్టి, మొహం కూడా కడుక్కోకుండా కంప్యూటర్ వైపు నడిచింది. కళ్ళలో ఎన్నడూ లేని వెలుగు.

"బావా, మీది బాగైందా? ఈ పొద్దు నాది గూడా తెరుస్తాండా" అంది.

జగదీశ్ లేచి నిలబడ్డాడు. ఇక ఆగితే చెప్పలేనని తెలిసి, ఒక్క గుక్కలో అంతా చెప్పేశాడు. పెద్దది తనదనుకోవడం, తమ్ముడు జాగా అడిగిన మాట మరిచిపోవడం, తన చేతితోనే చెరపడం. ఏదీ దాచలేదు.

అనుపమ నిలబడినచోటే నిలబడింది.

"అమ్మా, ప్యాటర్న్‌లకు భయం లేదు. హనుమేశ్ పాత ప్యాంట్లు విప్పుతాండాడు. షెడ్డు నీదే, నేను నడిపిస్తా..."

"ప్యాటర్న్‌ల కోసం కాదు బావా నేను కూచుండేది" అంది ఆమె. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని జగదీశ్ అనుకున్నాడు. "ఆయన షెడ్డు నుంచి వచ్చేటప్పుడు చేతులు ఎనక పెట్టుకొని, ఏం తెచ్చినానో చెప్పు అనేవాడు. మల్లెపూలా అంటే, తప్పు, ఇంగోటి చెప్పు అనేవాడు. మిర్చి బజ్జీనా అంటే, తప్పు, ఇంగోటి చెప్పు. నేను ఓడిపోయేదాకా చూపించేవాడు కాదు. ఈ తెర గూడా అట్లే అంటాండె. తప్పు, మళ్ళీ కొట్టు అని. దినామూ ఒకసారి అనిపించుకొని లేచేదాన్ని."

హారతి వంటింటి గుమ్మంలో నిలిచిపోయింది.

"అసలు మాట నాకు మొదటినుంచీ తెలుసు బావా. అదే అయింటాదని తెలుసు. దాన్నొక్కటి పక్కన పెట్టి మిగతావన్నీ కొడతాంటి. తెరుచుకుంటే ఇంగ అడగదు కదా. మొన్న మా అమ్మ అనె, చాలు తల్లీ, తెరిచి చూసుకో, ఇంగ బతుకు అని. బస్సులో దోవంతా ధైర్యం తెచ్చుకొని వచ్చినా."

జగదీశ్‌కు ఉమేశ్ చెప్పిన ఉపాయం గుర్తుకు వచ్చింది. ఆ దొంగ తెర పెట్టి ఉంటే, ఇన్నాళ్ళు దాచుకున్న ఆ నిజమైన మాటకు కూడా తప్పనే జవాబు వచ్చేది. అంత పాపం తప్పింది. తప్పినా చేసింది చిన్నదేమీ కాదు. "నన్ను తిట్టమ్మా" అన్నాడు.

ఆమె తిట్టలేదు. పోయి ఎప్పటి కుర్చీలోనే కూర్చుని ఆన్ చేసింది. అలవాటు చేతిది. తెర వెలిగింది. పేరు అడిగింది. ఆమె ఏమీ తోచనట్టు చూసి, అనుపమ అని కొట్టింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంది.

ఆమె ఇన్నాళ్ళూ పక్కన పెట్టిన ఆ మాటను కొట్టింది. అక్షరాల చోట నల్ల చుక్కలే కనిపించాయి కాబట్టి అదేమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మళ్ళీ ఒకసారి కొట్టమని అది అడిగింది. ఆమె వేళ్ళు ఆగి, తిరిగి మొదటి అక్షరం నుంచి నిదానంగా కొట్టాయి.

రెండూ ఒకటేనని చూసుకుని, ఇంకేమీ అనకుండా అది తెరుచుకుంది. ఇన్ని నెలలు తప్పు, తప్పు అంటున్నా ఏడవని అనుపమ అప్పుడు ఏడ్చింది. తిమ్మమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చి, ఆ వెలిగే తెరను ఎట్లా ఆపాలో తెలియక, కోడలి తలను తన కడుపుకు ఆనించుకుని కొంగు కప్పింది.